ముందు తోట, ఆ తర్వాతే ఆంక్ష

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌కు వెళ్తే మధ్యలో రెండే స్టేషన్లు వస్తాయి: చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్. మొన్నొక ఆదివారం ఆరాధన ముగించుకొని ఆ రైల్లో వస్తుంటే ఎదుటి సీట్లో ఒక కుటుంబం కూర్చుంది. తండ్రి ఒళ్లో బైబిలు, చేతిలో ఫోను. తల్లి చేతిలోనూ ఫోనే. నాలుగేళ్ల పాప కిటికీలోంచి ఏదో చూపిద్దామని తండ్రి మోచేతిని రెండుసార్లు లాగింది. ఆయన తల ఎత్తలేదు. మూడోసారి లాగేసరికి తన ఫోను పాప చేతికిచ్చి, తాను భార్య ఫోనులోకి తొంగి చూడసాగాడు. పాప మళ్లీ కిటికీ వైపు చూడలేదు.

రైలు అప్పుడే విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో ఆగింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అనాథ బిడ్డల కోసం వెలసిన ఆశ్రమం పేరే ఆ స్టేషన్‌కు పెట్టారు. అమ్మానాన్నలు లేని పిల్లలకు నీడనిచ్చిన చోటు అది. అమ్మానాన్నల మధ్యనే కూర్చుని ఒంటరైన ఆ పాపను చూసి మనసు కలుక్కుమంది.

పిల్లలు తెర ముందు గడిపే సమయానికి తల్లిదండ్రులు హద్దు పెట్టాలా? పెట్టాలి. ఇందులో సందేహం లేదు. రెండేళ్లలోపు బిడ్డలకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి అయిదేళ్ల వారికి రోజుకు గంట మించవద్దనీ, అయిదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటల లోపే ఉండాలనీ భారతీయ పిల్లల వైద్యుల సంఘం సూచించింది. అయిదేళ్ల లోపు పిల్లల విషయంలో 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందీ దాదాపు ఇదే. ఒకప్పుడు దూరదర్శన్‌లో కార్యక్రమం అయిపోతే పిల్లలు వాళ్లే లేచి ఆటకు పోయేవారు. తెరకు దానంతటదే ఒక ముగింపు ఉండేది. ఇప్పుడు ఒక వీడియో ముగియకముందే మరొకటి సిద్ధంగా ఉంటోంది. ముగింపు లేని వస్తువుకు ముగింపు చెప్పే పని పెద్దలదే అయింది.

హద్దు చెప్పని తండ్రుల కథలు వాక్యంలో ఉన్నాయి. యాజకుడైన ఏలీ తన కుమారుల్ని మందలించాడే గాని అడ్డుకోలేదు. దేవుడు ఆయన మీద మోపిన నేరం అదే (1 సమూ. 3:13). దావీదు తన కొడుకు అదోనీయాను నొప్పించడం ఇష్టం లేక, నువ్విలా ఎందుకు చేశావని ఎన్నడూ అడగలేదు (1 రాజులు 1:6). ఏలీ ఇంట యాజకత్వం నిలవలేదు, అదోనీయా ప్రాణం దక్కలేదు. బిడ్డ ఏడుస్తాడనో, అలుగుతాడనో భయపడి ఫోను చేతిలో పెట్టేది ప్రేమ కాదు, మన సుఖం.

అయితే హద్దు పెట్టే తీరు కూడా దేవుని దగ్గరే నేర్చుకోవాలి. లోకంలో మొట్టమొదటి ఆంక్ష ఏదెనులో విధించబడింది. ఆ మాటల వరుస గమనించండి. తోటలోని చెట్లన్నిటి ఫలాలూ నిరభ్యంతరంగా తినవచ్చని ముందు చెప్పి, ఆ తర్వాత ఒక్క చెట్టు విషయంలో వద్దన్నాడు (ఆది. 2:16, 17). ముందు తోట ఇచ్చాడు, ఆ పిమ్మట ఆంక్ష పెట్టాడు. చల్లపూట ఆ తోటలోకి తానే నడిచి వచ్చాడు. మన ఇళ్లలో మాత్రం ఆంక్ష ఉంది, తోట లేదు. ఫోను లాక్కుంటాం. తర్వాత ఆ బిడ్డ ఏం చేయాలి? రెండు గదుల ఇల్లు, ఆడుకోవడానికి బండ్లు నిండిన సందు, పక్క గదిలో సీరియల్ చూస్తున్న అమ్మ, సోఫాలో ఫోను చూస్తున్న నాన్న. ఇది హద్దు కాదు, జప్తు.

ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచినప్పుడు దేవుని మాటలు పిల్లలతో మాట్లాడాలని మోషే ధర్మశాస్త్రం తల్లిదండ్రులను ఆజ్ఞాపించింది (ద్వితీ. 6:7). ఈ నాలుగు వేళల్లో మన చేతిలో ఏముంటోందో ఒక్క రోజు పరీక్షించుకుందాం. లేవగానే ఫోను, దారిలో ఫోను, భోజనం దగ్గర ఫోను, పడక మీద ఫోను. దేవుడు బిడ్డలకు కేటాయించిన నాలుగు వేళల్నీ మనమే ముందుగా తెరకు అప్పగించాం. తాను పాటించని నియమం తండ్రి చెప్తే కొడుకు వినడు. విన్నా అది నాన్న ఇంట్లో ఉన్నంతసేపే.

చదువు మాటేమిటని కొందరు అడుగుతారు. నిజమే. 2020లో కరోనాతో బడులు మూతపడ్డప్పుడు తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలయ్యాయి. చాలా ఇళ్లలో పిల్లల చేతికి ఫోను అప్పుడే వచ్చింది. బడులు తెరుచుకున్నాయి గాని ఫోను తిరిగి రాలేదు. హోంవర్క్ ఇప్పటికీ వాట్సాప్‌లోనే వస్తోంది. కోచింగ్ సెంటర్లతో నిండిన దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ విద్యార్థిని తెరే చూడవద్దనడం కుదరదు. పదహారేళ్ల వాడికి గంటలు లెక్కపెట్టడం కన్నా, అన్నింటికీ స్వేచ్ఛ ఉన్నా దేనికీ లోబడనన్న పౌలు మాట (1 కొరింథీ. 6:12) అతనితో కూర్చుని చర్చించడం మేలు. నల్గొండలో ఉన్న నానమ్మ ముఖం వీడియో కాల్‌లో చూసే పసిబిడ్డకూ అభ్యంతరం లేదు. అప్పుడప్పుడూ చేసే అలాంటి కాల్‌ను వైద్యులు కూడా మినహాయించారు. ఆ తెరలో బిడ్డను ప్రేమించే మనిషి ఉంది కదా!

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక బుధవారం కూడికలో ఈ విషయం మీద నేను గట్టిగానే మాట్లాడాను. ఫోను ఇచ్చే తల్లులను కాస్త నిందించాను కూడా. కూడిక అయ్యాక ఒక సోదరి వచ్చి మెల్లగా అంది: "అన్నా, మీరు చెప్పింది నిజమే. నేను చీరల షాపుల పనిచేస్త. షాపు బంద్ చేసి ఇల్లు చేరేసరికి రాత్రి పది అయితది. ఇయ్యాల సెలవు దొరికితే ప్రార్థనకొచ్చిన. బడి నుంచి వచ్చిన పిలగాడు లోపల గడియ పెట్టుకొని ఒక్కడే ఉంటడు. ఆ ఫోన్ లేకుంటే రోడ్డు మీదికి పోతడు. ఏం చెయ్యాల్నో మీరే చెప్పున్రి."

నా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేస్తానని చెప్పి పంపించాను. ఇంటికి వచ్చాక తెలిసింది, ఆమెకు నేను ఆంక్ష ఇచ్చాను గాని తోట ఇవ్వలేదని.

ఆమె వంటి తల్లులు మన ప్రతి సంఘంలో ఉన్నారు. వారి బిడ్డల సాయంకాలాలకు బాధ్యత ఎవరిది? మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లాలోని వడ్‌గావ్ అనే గ్రామంలో 2022 నుంచి సాయంత్రం ఏడింటికి సైరన్ మోగిస్తున్నారని వార్తలు వచ్చాయి. గంటన్నర సేపు టీవీలు, ఫోన్లు పక్కన పెట్టాలని ఊరంతా కలిసి నిర్ణయించుకుంది. ఒక్క ఇల్లు చేయలేని పని ఊరు కలిస్తే తేలికైంది. మనకు ఊరు లేకపోవచ్చు, సంఘం ఉంది. ఆదివారం ఉదయం పిల్లల కేకలతో మారుమోగే సండే స్కూలు గదికి మిగతా ఆరు రోజులూ తాళమే. వేసవిలో వీబీఎస్ పది రోజులు జరిపితే పిల్లలు ఫోను ఊసెత్తరని మనందరికీ తెలుసు. ఆ గదినే సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా తెరిస్తే? రిటైరైన ఉపాధ్యాయులు హోంవర్క్ చూస్తారు, యవ్వనస్తులు క్యారమ్స్ ఆడిస్తారు, స్త్రీల సమాజం వారు గుగ్గిళ్లో అటుకులో పెడతారు. కొత్త భవనం అక్కర్లేదు, కానుక పెట్టె కూడా తిప్పనక్కర్లేదు.

శిష్యులు పిల్లలను తెచ్చినవారిని గద్దించారు. ప్రభువు కోపపడింది ఆ శిష్యుల మీదే. పిల్లలను ఎత్తి కౌగిలించుకొని, చేతులుంచి ఆశీర్వదించాడు (మార్కు 10:13-16). ఆనాడు నేను గద్దించిన శిష్యుల వరుసలోనే నిలబడ్డాను.

కాబట్టి హద్దు పెట్టండి. కాని ఈ రాత్రి ముందుగా మీ ఫోను బీరువాలో పెట్టి, ఆ తర్వాతే బిడ్డ ఫోను అడగండి. ఆ ఖాళీ అయిన గంటలో కుటుంబ ప్రార్థన చేయండి, కలిసి భోజనం చేయండి, వాడు బడిలో జరిగింది చెప్తుంటే మధ్యలో లేవకుండా వినండి. వచ్చే ఆదివారం మీ సంఘపెద్దలను సండే స్కూలు గది తాళం చెవి అడగండి. నేను మా సంఘంలో అడగబోతున్నాను. ఆ సోదరికి నేను ఇవ్వలేకపోయిన జవాబు ఆ గదిలోనే ఉంది.