ఫైవ్ స్టార్ ఏసీ, జీరో స్టార్ ఇల్లు

హైదరాబాదులో ఏ బిల్డరు బ్రోచర్ తిరగేసినా ‘ఎనర్జీ ఎఫిషియెంట్’ అని ఉంటుంది. తీరా చూస్తే ఎల్‌ఈడీ బల్బులు, గదికో ఏసీ పాయింటు, పడమటి గోడ నిండా అద్దం! కొనేవాళ్లూ అంతే, ఫైవ్ స్టార్ ఏసీ బిగిస్తే కరెంటు గొడవ వదిలిందనుకుంటారు. గదిలో వేడిని ఏసీ ఎంత తక్కువ కరెంటుతో బయటికి తోస్తుందో ఆ స్టార్లు చెబుతాయి. అంత వేడి లోపలికి ఎందుకొచ్చిందో ఎవరు చెప్పాలి?

మే నెలలో పై అంతస్తు ఫ్లాటులో రాత్రి పదింటికి పడమటి గోడ మీద చెయ్యి వేసి చూడండి, ఇంకా వెచ్చగానే ఉంటుంది. పగలంతా తాగిన ఎండను కాంక్రీటు స్లాబు సరిగ్గా మనం నడుం వాల్చే వేళకు కక్కుతుంది. దక్షిణపు కిటికీకి రెండడుగుల సజ్జ చాలు. పడమటి ఎండ వాలుగా వచ్చి సజ్జ కిందనుంచే దూరుతుంది. అటు మెట్లో బాత్‌రూమో పెట్టాలి, లేదా కిటికీకి బయట తడిక కట్టాలి. లోపల కర్టెన్ ఎంత మందంగా వేసినా, ఎండ అప్పటికే అద్దం దాటేసింది.

ఇందుకు నిబంధనలు లేకపోలేదు. గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదని ఇళ్ల కోసం కేంద్రం తెచ్చిన 2018 నాటి ఇంధన నియమావళి ‘ఎకో నివాస్ సంహిత’ అంటుంది. ఇల్లు కొంటూ ఆ లెక్క అడిగినవాళ్లను నేను చూడలేదు. కప్పు ఎండను వెనక్కి కొట్టేలా చేయించే కూల్ రూఫ్ విధానాన్ని తెలంగాణ 2023లో తెచ్చింది, మంచిదే. కానీ ఇళ్ల వరకు 600 చదరపు గజాల పైబడిన స్థలాలకే తప్పనిసరి చేసింది. నూట యాభై గజాల డాబాలో ఉడికిపోయేవాళ్ల మాటేమిటి?

ఇక గాలి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తెస్తుందనుకునే చదువుకున్నవాళ్లు బోలెడుమంది. అది గదిలో గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. బయట కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం దరిదాపుల్లో ఉంటే, తలుపులు బిగించిన చిన్న గదిలో ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి 2,000 దాటడం మామూలే. పొద్దున తల దిమ్ముగా ఉంటే బీపీ చూపించుకుంటాం గానీ కిటికీ తీయం. దోమలంటారా, మెష్ ఉంది. రోడ్డు దుమ్ము మాత్రం నిజమైన సమస్యే. కనీసం తెల్లవారుజామున, ట్రాఫిక్ మొదలుకాక ముందైనా తీయవచ్చు.

అలాగని మండువా లోగిళ్లు మళ్లీ కట్టమనే పెద్దలతోనూ నాకు పేచీయే. ఆ వంటిళ్ల పొగలో ఆడవాళ్ల కళ్లు ఏమయ్యాయో వాళ్లు రాయరు.

బిల్డరుకు ఇవన్నీ తెలియవా? తెలుసు. సజ్జకూ కప్పు మీద తెల్ల టైల్సుకూ ఖర్చు పెట్టాల్సింది తను, ఏటేటా కరెంటు బిల్లు కట్టేది మనం. బుకింగ్ రోజున ఏసీ పాయింట్లు లెక్కపెట్టే బదులు పడకగదికి రెండో కిటికీ ఎటుందో, కప్పు మీద ఏం పరుస్తారో అడిగి, అగ్రిమెంటులో రాయించుకోవాలి.