పైకెక్కినవారిని దింపేదెవరు?

టవర్ క్రేన్ ఆపరేటర్‌కు పైన క్యాబిన్‌లో గుండెనొప్పి వస్తే ఏం చేస్తారు? కొన్ని నెలలుగా మేము వెళ్లిన ప్రతి సైట్‌లోనూ ఈ ఒక్క ప్రశ్న అడుగుతున్నాం. సేఫ్టీ ఆఫీసర్‌ను అడిగాం, ఫోర్‌మన్‌ను అడిగాం, మేస్త్రీలను అడిగాం. ఎక్కువగా వచ్చిన జవాబు "108కి ఫోన్ చేస్తాం" అని. 108 బండి నేల మీద తిరిగేది. వంద మీటర్ల ఎత్తులో సొమ్మసిల్లిన మనిషిని కిందికి తేవడం ఆ బండిలో వచ్చేవారి పని కాదు. కిందికి తెచ్చాకే వారి పని మొదలవుతుంది. రెండో జవాబు "ఫైర్ వాళ్లు వస్తారు" అని. మూడో జవాబు నవ్వు. ఇంతవరకు అలాంటిది జరగలేదు కదా పాస్టర్ గారూ అని ఆ నవ్వుకు అర్థం.

ప్రియులారా, ఈ పత్రికలో క్రేన్ల గురించి ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మన సంఘాల్లో ఆదివారం బల్లల మీద కూర్చునేవారిని ఒకసారి లెక్కపెట్టండి. బెంగళూరు, చెన్నై సైట్లలో రిగ్గర్లు, సెంట్రింగ్ పనివాళ్లు, క్రేన్ ఆపరేటర్లు ఉన్నారు. రూర్కెలా ఉక్కు కర్మాగారంలో, పారాదీప్ రేవులో పనిచేసే కుటుంబాలు ఉన్నాయి. యానాం నుంచి కాకినాడ రేవుకు రోజూ పోయి వచ్చేవారు ఉన్నారు. ముంబైలోని కామాటిపురకు ఆ పేరు వచ్చిందే మన తెలుగు కామాటీల వల్ల. కూలి కోసం వలస వచ్చి ఆ నగరాన్ని కట్టినవారు వాళ్లు. తట్ట మోసిన తాత మనవడు ఈరోజు జాయ్‌స్టిక్ పట్టుకుని క్రేన్ నడుపుతున్నాడు. జీతం పెరిగింది, గౌరవం కొంత పెరిగింది. ఎత్తు కూడా పెరిగింది. దిగే దారి మాత్రం పెరగలేదు.

ఆ పని ఎలా ఉంటుందో తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. పొద్దున్నే మాస్ట్ లోపల నిలువు నిచ్చెనలు ఎక్కుతూ పైకి పోవాలి. మధ్యలో చిన్న చిన్న ప్లాట్‌ఫారాలు ఉంటాయి, అక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు. ముప్పై అంతస్తుల భవనమైతే క్రేన్ దానికంటే ఎత్తుగానే ఉంటుంది. మాస్ట్‌కు లిఫ్ట్ ఉన్న క్రేన్లు కొన్నే. మా సంఘంలోని ఒక ఆపరేటర్ తమ్ముడు పైకి పోయాక మధ్యాహ్నం దాకా నీళ్లు సరిగా తాగడు. తాగితే మూత్రానికి దిగాలి, దిగితే పని ఆగుతుంది, పని ఆగితే కింద అరుపులు. మే నెల ఎండలో, రేకు డబ్బాలాంటి క్యాబిన్‌లో, నీళ్లు తాగకుండా, ఒంటరిగా కూర్చునే మనిషికి కళ్లు తిరగడం వింతేమీ కాదు. తిరగకపోతేనే వింత.

ఆరోగ్యంగా ఉన్నవాడు ఆ నిచ్చెన దిగగలడు. స్పృహ లేనివాడిని ఆ నిచ్చెన మీదుగా దింపడం దాదాపు అసాధ్యం. ప్లాట్‌ఫారాల మధ్య ఉండే కంత ఒక మనిషి పట్టేంతే. మామూలు స్ట్రెచర్ అందులో దూరదు, మనిషిని భుజాన వేసుకుని దిగడం ఇద్దరి ప్రాణాలకూ ముప్పు. అందుకే ఇలాంటి సమయంలో మనిషిని ప్రత్యేకమైన స్ట్రెచర్‌లో కట్టి, మాస్ట్ బయటి నుంచి తాళ్లతో, వేగాన్ని అదుపు చేసే పరికరంతో నేలకు దింపుతారు. ఆ తాడును పైన ఎక్కడ బిగించాలో ముందే తెలిసి ఉండాలి. ఆ పరికరం పైనే, క్యాబిన్ దగ్గరే ఉండాలి. దాన్ని వాడడం నేర్చినవారు కనీసం ఇద్దరు ముగ్గురైనా ఆ షిఫ్టులో సైట్‌లో ఉండాలి. గాలి ఎక్కువగా ఉంటే జిబ్‌ను గాలివాటుకు తిరగనివ్వాలి, లేకపోతే క్రేన్‌కే ప్రమాదం. హుక్‌కు బరువు వేలాడుతూ ఉంటే దాని సంగతి చూడాలి. కాబట్టి పైకి వెళ్లేవారిలో క్రేన్ గురించి తెలిసిన మనిషి ఒకరు ఉండి తీరాలి. అంబులెన్స్‌లో వచ్చే అమ్మాయికో, ఫైర్ సిబ్బందికో అప్పటికప్పుడు అవన్నీ ఎవరు చెబుతారు?

సమయం కూడా తక్కువ. గుండె ఆగిన మనిషికి షాక్ ఇచ్చే యంత్రం అందడం ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందని వైద్యులు చెబుతారు. సేఫ్టీ బెల్ట్ మీద స్పృహ లేకుండా వేలాడే మనిషికి కాళ్లలో రక్తం నిలిచిపోయి, నిమిషాల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. బెల్ట్ వేసుకున్నాడు కాబట్టి బ్రతికాడని కింద అనుకుంటూ ఉండగానే అతడు చనిపోవచ్చు. ఇక ఫైర్ వాళ్ల నిచ్చెన సంగతి. బెంగళూరు అగ్నిమాపక శాఖకు 2022లో 90 మీటర్ల దాకా లేచే బండి వచ్చింది, ముంబైలోనూ అంత ఎత్తుకు పోయేది ఉంది. మంచిదే. కానీ ఆ బండి ట్రాఫిక్ దాటి రావాలి, గుంతలు, ఇసుక కుప్పలు దాటి క్రేన్ పక్కకు చేరాలి, నిలబడేందుకు గట్టి నేల దొరకాలి. 90 మీటర్లు దాటిన క్యాబిన్ దానికి అందదు. చిన్న పట్టణాల్లో అంత బండీ లేదు.

2013 డిసెంబరులో కెనడాలోని కింగ్‌స్టన్ నగరంలో కడుతున్న భవనం అంటుకుంది. క్రేన్ ఆపరేటర్‌కు దిగే దారి మంటల్లో పడింది. అతడు జిబ్ మీద చివరిదాకా పాకి కూర్చున్నాడు. చివరికి సైనిక హెలికాప్టర్ నుంచి తాడు మీద ఒక మనిషి దిగి అతణ్ణి పైకి తీసుకున్నాడు. అక్కడ హెలికాప్టర్ అందుబాటులో ఉంది కాబట్టి సరిపోయింది. 2023 నవంబరులో ఇంగ్లాండులోని రెడింగ్‌లో దీనికి తలకిందులుగా జరిగింది. మండుతున్న భవనం పైకప్పు మీద చిక్కిన మనిషి దగ్గరికి ఒక క్రేన్ ఆపరేటర్ ఇనుప బోను దింపి, అతణ్ణి ఎక్కించుకుని క్షేమంగా నేలకు చేర్చాడు. ఆ బోను ఆ సైట్‌లో సిద్ధంగా ఉంది. మాకు ఆ వార్తలో ఆపరేటర్ నేర్పు ఎంత నచ్చిందో, బోను అక్కడ ఉండడం అంతే నచ్చింది. ఆ దేశంలో ఎత్తు మీద పని గురించి 2005లో చేసిన నిబంధనల ప్రకారం, పని మొదలుపెట్టే ముందే అత్యవసర సమయంలో ఎలా రక్షించాలో ప్రణాళిక వేసుకోవాలి.

ఉక్కు కర్మాగారాల్లో పనిచేసేవారు ఇది తమ సంగతి కాదనుకోవద్దు. ఈఓటీ క్రేన్ ఆపరేటర్ క్యాబిన్ షెడ్డు కప్పు కింద వేలాడుతూ ఉంటుంది, ఎక్కి దిగే మెట్లు ఒకచోటే ఉంటాయి. క్రేన్ బే మధ్యలో ఉన్నప్పుడు కరెంటు పోతే? కింద పొగ లేస్తే? బ్రిడ్జి మీది నడవ గుండా చీకట్లో మెట్ల దాకా నడవాలి, నడవగలిగితే.

మన దగ్గర క్రేన్ల గురించి మాట్లాడుకునేది అవి కూలినప్పుడే. 2020 ఆగస్టు 1న విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డులో పరీక్ష జరుపుతున్న క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. సరిగ్గా మూడేళ్లకు, 2023 ఆగస్టు 1 తెల్లవారకముందే, మహారాష్ట్ర శహాపూర్ దగ్గర సమృద్ధి ఎక్స్‌ప్రెస్ రహదారి పనిలో గర్డర్లు పెట్టే భారీ యంత్రం కూలి 20 మంది పోయారు. కూలుతున్న యంత్రం నుంచి దిగే సమయం ఎవరికీ దొరకదు. దానికి జవాబు మంచి డిజైన్, మంచి తనిఖీ. మేము అడుగుతున్నది వేరు. యంత్రం బాగానే ఉండి మనిషి పడిపోతే ఏమిటన్నది ప్రశ్న. ఆ చావు టీవీలో రాదు. "పనిలో గుండెపోటుతో మృతి" అని రెండు లైన్లు వస్తే గొప్ప. దింపడానికి ఎంతసేపు పట్టిందో అందులో ఉండదు.

చట్టం ఏమంటుంది? 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాలు కొంత మంచి పనే చేశాయి. ఆపరేటర్‌కు నియమించే ముందు, తర్వాత మధ్యమధ్యలో వైద్య పరీక్ష చేయించాలన్నాయి. 500 మందికి మించి పనిచేసే చోట అత్యవసర ప్రణాళిక రాసి ఆమోదం పొందాలన్నాయి. అగ్ని ప్రమాదం, బరువులెత్తే యంత్రాలు కూలడం, కట్టడాలు కూలడం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. చూడండి, అక్కడా యంత్రం కూలడమే. 500 మంది లేని సైట్‌లో క్రేన్ ఎత్తు తగ్గుతుందా? ఇప్పుడు ఆ చట్టం 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది, ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్త కోడ్ కింది నియమాల్లో, ఎత్తు మీద ఒంటరిగా పనిచేసే ప్రతి మనిషిని దింపే ఏర్పాటు ముందే ఉండాలన్న మాట, సైట్‌లో ఎంతమంది ఉన్నా సరే, స్పష్టంగా ఉండాలని మా వాదన. నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు కార్మిక సంక్షేమ బోర్డులకు పోతుంది. వేల కోట్లు ఖర్చు కాకుండా పడి ఉన్నాయని 2018లో సుప్రీంకోర్టే మందలించింది. ఆ డబ్బులో కొంతతో ప్రతి పెద్ద నగరంలోనూ ఆపరేటర్లకు, రిగ్గర్లకు ఈ శిక్షణ ఇవ్వవచ్చు.

అసలు చిక్కు ఇంకొకచోట ఉంది. చాలా సైట్లలో క్రేన్ అద్దెది. ఆపరేటర్ క్రేన్‌తో పాటే వస్తాడు. దింపే కిట్ ఎవరు కొనాలని అడిగితే, ప్రధాన కాంట్రాక్టర్ "అతను క్రేన్ కంపెనీ మనిషి" అంటాడు. క్రేన్ కంపెనీ "సైట్ భద్రత కాంట్రాక్టర్‌ది" అంటుంది. బిల్డర్‌కు ఇద్దరూ ఎవరో తెలియదు. ఇటుక పెట్టేటప్పుడు, స్లాబ్ వేసేటప్పుడు అతను అందరి మనిషి. పడిపోయినప్పుడు ఎవరి మనిషీ కాడు. అద్దె ఒప్పందంలో ఒక్క వాక్యం రాస్తే తీరే తగాదా ఇది. ఎవరూ రాయరు, ఎందుకంటే రాసినవాడు ఖర్చు పెట్టాలి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం మన సంఘాల్లో అరుదుగా వినిపిస్తుంది. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, కట్టకపోతే ఎవరైనా పడి చచ్చిన దోషం ఆ ఇంటిమీదికి వస్తుందని అక్కడ ఉంది. పడినవాడు జాగ్రత్తగా ఉన్నాడా లేదా అని ఆ ఆజ్ఞ అడగదు. ఇల్లు ఎవరిదో వారినే అడుగుతుంది. పైగా ఎవరూ పడకముందే అడుగుతుంది. యిర్మీయా 38లో ఇంకొక సంగతి ఉంది. ప్రవక్త బురద గోతిలో దిగబడి ఉంటే కూషీయుడైన ఎబెద్మెలెకు రాజు దగ్గరికి పోయి అనుమతి తెచ్చాడు, ముప్పై మందిని వెంట తీసుకున్నాడు, తాళ్లు తెచ్చాడు. అంతటితో ఆగలేదు. తాళ్లు ఒరుసుకోకుండా చంకల కింద పెట్టుకోవడానికి పాత బట్టలు కూడా దింపాడు. అనుమతి, మనుషులు, తాళ్లు, మెత్తలు. ఈనాటి రెస్క్యూ శిక్షణలో నేర్పేవి దాదాపు ఇవే. మేము వేదాంత కళాశాలలో చదివినప్పుడు ఈ అధ్యాయం మీద ఎన్నో విషయాలు విన్నాం గాని, ఆ పాత బట్టల గురించి ఎవరూ మాట్లాడలేదు.

"ఆయన కాపాడతాడు, మనం ప్రార్థన చేద్దాం" అనే పెద్దలు ఉన్నారు. ప్రార్థన చేద్దాం, మేమూ చేస్తున్నాం. కానీ ఎబెద్మెలెకు గోతి గట్టున నిలబడి ప్రార్థన చేసి వెళ్లిపోలేదు. మనిషి పోయాక సంఘం చందా పోగుచేసి శవాన్ని ఊరికి పంపడం మంచిపనే. అంతకంటే తక్కువ డబ్బుకు ఒక దింపే కిట్ వస్తుందేమో, ఎవరైనా కాంట్రాక్టర్‌ను అడిగి చూడండి.

యౌవనస్థులారా, మీలో సివిల్ ఇంజనీర్లు ఉన్నారు, సేఫ్టీ డిప్లొమా చేసినవారు ఉన్నారు, అద్దె క్రేన్ల కంపెనీల్లో లెక్కలు చూసేవారు ఉన్నారు. మీ సైట్‌లో మూడు ప్రశ్నలు అడగండి. క్యాబిన్ దగ్గర దింపే కిట్ ఉందా? ఈ షిఫ్టులో దాన్ని వాడగలిగే మనుషులు ఎవరు, వాళ్ల పేర్లేమిటి? చివరిసారి మాక్ డ్రిల్ ఎప్పుడు చేశారు? బొమ్మను కట్టి దింపే డ్రిల్‌కు ఒక పూట పోతుంది. ఆ పూట పని ఆగుతుందని ఫోర్‌మన్ గొణుగుతాడు, గొణగనివ్వండి. ఆపరేటర్ తమ్ముళ్లకు వేరుగా ఒక మాట. తలనొప్పిగా ఉన్నా, కళ్లు మసకబారినా వాకీటాకీలో వెంటనే చెప్పండి, దిగగలిగినప్పుడే దిగండి. నీళ్లు తాగండి. దిగినందుకు కూలి కోస్తే మాకు చెప్పండి.

సంఘాలు కూడా కడుతున్నాయి. నాలుగైదు అంతస్తుల మందిరాలకు మొబైల్ క్రేన్లు, మెటీరియల్ లిఫ్టులు అద్దెకు తెస్తున్నాం. మందిర నిర్మాణ కమిటీలు కొటేషన్లు చూసేటప్పుడు రేటుతో పాటు ఆ మూడు ప్రశ్నలకు జవాబు కూడా రాయించుకోవాలి. పక్కనున్న బిల్డర్‌ను అడగడానికి అప్పుడు మనకు నోరు ఉంటుంది.

మా సంఘంలో ఈ నెల నుంచి ఒక పుస్తకం పెట్టాం. ఎత్తు మీద పనిచేసే ప్రతి విశ్వాసి పేరు, సైట్ ఎక్కడ, కాంట్రాక్టర్ ఎవరు, ఇంట్లోవారి ఫోన్ నంబరు, చివరి గడిలో "దింపే ఏర్పాటు". ఆదివారం ఆరాధన తర్వాత యూత్ వాళ్లు గుమ్మం దగ్గర కూర్చుని రాసుకుంటున్నారు. పేర్లు పెరుగుతున్నాయి. చివరి గడి ఇప్పటికి చాలావరకు ఖాళీగానే ఉంది. ఖాళీగా ఉన్న సైట్లకు వచ్చే వారం నుంచి ఒక్కొక్కటిగా ఉత్తరాలు పోతాయి.