నిద్రకు లెక్క కట్టండి

తెల్లవారుజామున మూడింటికి రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్లి చూడండి. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతుంటాయి. పొద్దు పొడిచేలోపే నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ వేళ కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే రొయ్య తేలిపోతుంది, రైతు మునిగిపోతాడు. అందుకే గట్టు మీద గుడిసెలో ఒక మనిషి రెప్ప వాల్చకుండా కూర్చుంటాడు. మేత ఎన్ని బస్తాలు పడిందో పుస్తకంలో రాస్తారు. అతని బీపీ ఎంతో, షుగరు ఎంతో ఎవరూ రాయరు.

తెనాలి జంక్షన్ మీదుగా రాత్రి బండ్లు నడిపేవాళ్లదీ, బాపట్ల ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ నర్సులదీ ఇదే బాధ. "పగలు పడుకోవచ్చుగా" అంటారు. ఎక్కడ పడుకుంటారు? రేకుల కింద ఉక్క, పక్కింటి మిక్సీ, బడి నుంచొచ్చే పిల్లలు. అన్నిటికీ మించి ఒంట్లోని గడియారం ఒప్పుకోదు. అది నడిచే తీరు తేల్చినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. నడిరేయి తిన్న అన్నం తాలూకు చక్కెర రక్తంలోంచి త్వరగా దిగదు. నిద్రలో తగ్గాల్సిన బీపీ తగ్గదు. రాత్రి షిఫ్టు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే చెప్పింది, 2019లో మళ్లీ చెప్పింది. ఏళ్ల తరబడి రాత్రిళ్లు పనిచేసి రొమ్ము క్యాన్సర్ బారిన పడ్డ కొందరు మహిళలకు డెన్మార్క్‌లో నష్టపరిహారం కూడా ఇచ్చారు.

మనమేం చేశాం? 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజు పనిని 9 గంటల నుంచి 10కి పెంచాలని, ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లకు రాత్రి షిఫ్టులు తెరవాలని నిర్ణయించింది. రవాణా ఉంటుందన్నారు, భద్రత ఉంటుందన్నారు. రాత్రి పనిచేసే హక్కు ఆడవాళ్లకు ఉండాల్సిందే, ఆ మాట నేనూ అంటాను. కానీ తెల్లారి వ్యాను దిగిన మనిషి పడుకోదు, బియ్యం కడిగి ఎసరు పెడుతుంది. పోయిన ఆ నిద్రను ఏ వ్యాను తెచ్చిస్తుంది?

రాత్రి కార్మికులకు ఉచిత వైద్య పరీక్షలు చేయించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లోనే 171వ ఒడంబడికలో రాసింది. భారత్ దాన్ని ఆమోదించలేదు. ఆమోదించండి. జీతం కోయకుండా రాత్రి పని గంటలు తగ్గించండి. ఒంట్లో బాగోలేదన్నవాళ్లను పగటి పనికి మార్చండి. ఆక్వా జోన్‌లో చెరువుకు యూనిట్ రూపాయిన్నరకే కరెంటు ఇవ్వగలిగిన ప్రభుత్వం, గట్టు మీద మనిషికి ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించలేదా? రేపల్లె చెరువుల దగ్గరే మొదలుపెట్టండి.