తాజ్ మహల్ కింద ఏముంది, కాగితాల్లో ఏముంది?

పోయినేడాది అక్టోబరు 31న ‘ది తాజ్ స్టోరీ’ అనే హిందీ సినిమా విడుదలైంది, అంటే 2025లో. గుమ్మటం మూతలా పైకి లేస్తుంటే లోపలి నుంచి శివుడి విగ్రహం బయటికొస్తున్నట్టు దాని పోస్టర్ వేశారు. సినిమా ఎన్ని రోజులు ఆడిందన్నది వేరే సంగతి. పోస్టర్ మాత్రం ఫోన్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. దాని వెనకాలే ‘22 మూసేసిన గదులు’, ‘తేజో మహాలయ’ అనే పాత ఫార్వర్డ్‌లు కూడా మళ్లీ లేచాయి. కాలేజీకి వెళ్లే పిల్లలు ఇంటికొచ్చి అడుగుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు “అంతా ఝూట్ బేటా” అనేసి, అదే ఊపులో షాజహాన్ కూలీల చేతులు నరికించాడన్న కథ చెబుతున్నారు. ఫార్వర్డ్‌కీ ఆధారం లేదు, ఈ కథకీ లేదు. ఆధారాలున్న సంగతులు మాత్రం ఏ ఇంట్లోనూ మాట్లాడుకోవట్లేదు.

ముందు కోర్టుల సంగతి. తాజ్ గుడి అనే వాదాన్ని ప్రచారంలోకి తెచ్చిన రచయిత పి.ఎన్. ఓక్. మొదట్లో ఆయన దాన్ని రాజపుత్ర రాజభవనం అన్నారు, తర్వాత శివాలయం అన్నారు. ఆయన పిటిషన్‌ను 2000లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2015 నవంబరులో అప్పటి కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి మహేశ్ శర్మ, అక్కడ గుడి ఉందనడానికి ఆధారమేదీ దొరకలేదని లోక్‌సభకు చెప్పారు. 2017లో ఆగ్రా కోర్టులో పురావస్తు శాఖ కూడా అది సమాధే, గుడి కాదు అని చెప్పింది. 22 గదులు తెరిపించాలన్న పిటిషన్‌ను 2022 మే 12న అలహాబాద్ హైకోర్టు లక్నో బెంచ్ తోసిపుచ్చింది. ముందు వెళ్లి చదువుకోండి, పరిశోధన చేయండి అని జడ్జీలు మందలించారు. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. ఇన్నిసార్లు ఓడిన వాదం ఇంకా ఎందుకు బతికుందంటే, కోర్టు తీర్పులు ఫార్వర్డ్ కావు, పోస్టర్లు అవుతాయి.

ఆ గదులంటే ఏమిటో చూద్దాం. తాజ్ నిలబడింది మామూలు నేల మీద కాదు, యమున ఒడ్డున కట్టిన పెద్ద ఎర్రరాయి అరుగు మీద. ఆ అరుగు లోపల, నదివైపు వరసగా ఉన్న గదులే ఈ 22. మొఘలుల భాషలో తహ్‌ఖానా. ఎండాకాలంలో నది గాలి తగిలేలా, పడవలో వచ్చిన పాదుషా దిగి సేదతీరేలా కట్టినవి. నదివైపు ఉన్న తలుపులను తర్వాతి కాలంలో మూసేశారు. లోపల జరిగిన మరమ్మతు పని ఫొటోలను 2022లో పురావస్తు శాఖే బయటపెట్టింది. పెచ్చులూడిన గోడలు, కొత్తగా పూసిన సున్నం కనిపించాయి. విగ్రహాలేమీ లేవు. ఆ ఫొటోలు ఎంతమంది చూశారో ఊహించుకోవచ్చు.

అసలు విషయం ఆ స్థలం ఎవరిదన్నది. ఇక్కడ ముస్లిం కుటుంబాలు కూడా తడబడతాయి. ‘ఆ జాగా రాజా మాన్‌సింగ్‌ది కదా’ అని ఎవరైనా అంటే వెంటనే కాదంటారు. అది నిజంగా మాన్‌సింగ్‌దే. దాచిపెట్టాల్సిందేమీ లేదు, షాజహాన్ ఆస్థాన చరిత్రకారుడు అబ్దుల్ హమీద్ లాహోరీ ‘పాద్‌షానామా’లో స్వయంగా రాశాడు. మాన్‌సింగ్ ఇల్లున్న ఆ స్థలం అప్పటికి ఆయన మునిమనవడు, అంబర్ రాజు జైసింగ్ చేతిలో ఉంది. ఊరికే ఇస్తానని జైసింగ్ అన్నా పాదుషా తీసుకోలేదు. బదులుగా ఆగ్రాలోనే నాలుగు హవేలీలు రాసిచ్చాడు. ఆ మేరకు 1633 డిసెంబరులో ఇచ్చిన ఫర్మానా జైపూర్ రాజవంశం దగ్గరున్న పత్రాల్లో దొరికింది. బేగం ఖబర్ కోసం తీసుకునే నేల మీద ఎవరి బాకీ ఉండకూడదన్నది ఆ పద్ధతి వెనకున్న ఆలోచన. ఇవాళ రిజిస్ట్రేషన్ ఆఫీసులో జరిగే ఆస్తి మార్పిడి లాంటిదే.

‘సరే, స్థలంతో పాటు భవనం కూడా తీసుకుని పైన పాలరాయి అంటించాడు’ అనేది వాళ్ల తర్వాతి వాదం. దీనికి జవాబు కూడా జైసింగ్‌కు వెళ్లిన ఫర్మానాల్లోనే ఉంది. మక్రానా గనుల నుంచి పాలరాయి మోయడానికి బండ్లు కుదిర్చి పంపమని 1632లో ఒకటి వెళ్లింది. 1637లో ఇంకొకటి కాస్త కోపంగానే వెళ్లింది. రాయి కొట్టేవాళ్లను అంబర్, రాజ్‌నగర్‌లలో నీ మనుషులు ఆపేసుకుంటున్నారు, మక్రానాకు మనుషులు చాలట్లేదు, వెంటనే పంపు అని. పునాదులు నీళ్లు తగిలేదాకా తవ్వి రాయి, సున్నంతో పైకి లేపారని లాహోరీ రాశాడు. అప్పట్లో ఆగ్రాలో ఉన్న ఇంగ్లిష్ వర్తకుడు పీటర్ ముండీ కూడా చక్రవర్తి భార్య సమాధి కడుతున్నారని, ఖరీదైన పాలరాయిని మామూలు రాయిలా వాడుతున్నారని తన డైరీలో రాసుకున్నాడు. అతనికి మొఘలులను పొగడాల్సిన అవసరమేమీ లేదు.

ఇక మన ఇళ్లలోని కథలు. చేతులు నరికించడం ఏ సమకాలీన రాతలోనూ లేదు. తాజ్ పని నడుస్తుండగానే 1639లో షాజహాన్ ఢిల్లీలో ఎర్రకోట మొదలుపెట్టాడు. తాజ్ రూపశిల్పిగా చెప్పే ఉస్తాద్ అహ్మద్ లాహోరీయే అక్కడా పనిచేశాడు. చేతులు నరికినవాడికి రెండో పని ఎవరు చేస్తారు? నది అవతల నల్ల తాజ్ కట్టాలనుకున్నాడన్నది ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే రాతల నుంచి పుట్టింది. 1990ల్లో అక్కడి మెహతాబ్ బాగ్‌లో తవ్వి చూస్తే తోట, పెద్ద నీటి తొట్టి బయటపడ్డాయి, నల్లరాయి పునాది కాదు. ఇరవై వేల మంది, 22 ఏళ్లు అన్న లెక్క కూడా ఆయనదే. కట్టడం మొదలవడం, పూర్తవడం రెండూ చూశానని చెప్పుకున్నాడు గానీ, ఆయన ఆగ్రా వచ్చిందే 1640 ప్రాంతంలో.

కాగితాల మీద నిలిచే కథ ఇది. అర్జుమంద్ బానూ బేగం, అంటే ముంతాజ్ మహల్, 1631 జూన్‌లో బుర్హాన్‌పూర్‌లో పద్నాలుగో కాన్పులో చనిపోయింది. షాజహాన్ అక్కడున్నది దక్కన్ మీద యుద్ధం కోసం. మయ్యత్‌ను ముందు అక్కడే తపతి ఒడ్డున తోటలో దఫన్ చేసి, ఆరు నెలల తర్వాత ఆగ్రాకు తెచ్చారు. 1632 మొదట్లో పని మొదలైంది. 1643లో పన్నెండో ఉర్సు నాటికి ప్రధాన కట్టడం పూర్తయిందని లాహోరీ రాశాడు. చుట్టుపక్కల పనులు తర్వాత కూడా కొన్నేళ్లు సాగాయి. ఆగ్రా కట్టడం లేస్తున్న ఆ రోజుల్లోనే, 1636లో, గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా షాజహాన్‌కు లొంగుబాటు పత్రం రాసిచ్చి ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు. తెలుగు నేలకూ ఆ పాదుషాకూ ఉన్న లెక్క అది.

కట్టడాన్ని కొంచెం నిదానంగా చూస్తే ‘గుడి’ వాదం దానికదే వీగిపోతుంది. ముంతాజ్ సమాధి గది సరిగ్గా మధ్యలో ఉంది. దాని చుట్టూ ఎనిమిది గదులు అల్లుకుని ఉన్నాయి. పారసీక పద్ధతిలో దీన్ని హష్త్ బిహిష్త్ అంటారు, ఎనిమిది స్వర్గాలు అని అర్థం. ఢిల్లీలో హుమాయూన్ మఖ్బరా కూడా ఇదే వరసలోది. గుమ్మటం ఒకటి కాదు, రెండు. లోపల నిలబడితే తల మీద కనిపించేది దాదాపు 80 అడుగుల ఎత్తులో ఉన్న చిన్న గుమ్మటం. బయట ఉల్లిగడ్డలా కనిపించేది వేరు. ఆ రెంటి మధ్య ఖాళీ జాగా ఉంటుంది. నాలుగు మీనార్లు రవ్వంత బయటికి వాలి ఉంటాయి. భూకంపంలో కూలితే సమాధి మీద పడకూడదని అలా కట్టారంటారు. పడమర మసీదు, తూర్పున అచ్చం అలాంటిదే ఇంకో కట్టడం. తూర్పు దానిలో మిహ్రాబ్ లేదు, ఎందుకంటే అది మసీదు కాదు, మసీదుకు ‘జవాబ్’. జోడీ కుదరాలని కట్టినది. ఇంత లెక్కగా రెండు వైపులా సరితూచిన చోట సరితూగనిది ఒక్కటే, షాజహాన్ సమాధి. 1666లో ఆయన చనిపోయాక బేగం పక్కన పడమర వైపు చోటిచ్చారు.

పెద్ద దర్వాజా మీద సూరా ఫజ్ర్, సమాధి బయటి కమానుల చుట్టూ సూరా యాసీన్. రాసింది షీరాజ్ నుంచి వచ్చిన అమానత్ ఖాన్, లోపల తన పేరు కూడా చెక్కుకున్నాడు. పైకి పోయేకొద్దీ అక్షరాలు పెద్దవి చేశాడు, కింద నిలబడి చదివేవాళ్లకు అన్నీ ఒకే సైజులో కనిపించాలని. పాలరాయిలో రంగురాళ్లు పొదిగిన పర్చీన్‌కారీ పనిలో ఒక్క పువ్వుకు పదుల సంఖ్యలో ముక్కలు పట్టిన చోట్లున్నాయి. పైన కనిపించే సమాధులు చూపు కోసం. అసలు ఖబర్లు కింద నేలమాళిగలో, చాలా సాదాగా ఉంటాయి. షాజహాన్ ఉర్సుకు, రజబ్ నెల చివర్లో మూడు రోజులు, ఆ నేలమాళిగను జనానికి తెరుస్తారు. ఆ రోజుల్లో టికెట్ ఉండదు.

ఖబర్ మీద ఇంత కట్టడం సబబేనా అన్న ప్రశ్న ముస్లిం ఇళ్లలోనే ఉంది. అది ఇవాళ్టిది కాదు. బాబర్ ఖబర్ కాబూల్‌లో ఆకాశం కిందే ఉంది, ఖుల్దాబాద్‌లో ఔరంగజేబుదీ అంతే. ఖర్చు సంగతి ఇంకా కటువుగా ఉంటుంది. సమాధి సముదాయానికి 50 లక్షల రూపాయలయిందని లాహోరీ లెక్క. ముంతాజ్ చనిపోయిన ఆ ఏడాదే దక్కన్, గుజరాత్‌లలో ఘోరమైన కరువు. బుర్హాన్‌పూర్‌లో ప్రతి సోమవారం 5 వేల చొప్పున 20 వారాలు, మొత్తం లక్ష రూపాయలు పేదలకు పంచారని కూడా ఆ చరిత్రకారుడే రాశాడు. శిస్తు మాఫీలు వేరేగా జరిగాయి. అయినా రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే మనసు కలుక్కుమంటుంది. తాజ్‌ను వెనకేసుకురావడానికి దీన్ని దాచక్కర్లేదు.

గుడి వాదం కన్నా గట్టిగా పట్టించుకోవాల్సింది హక్కుల విషయం. ఈ మఖ్బరా ఖర్చుల కోసం షాజహాన్ 30 గ్రామాల ఆదాయాన్ని, దక్షిణాన కట్టించిన బజార్లు, సరాయిల అద్దెలను వక్ఫ్ చేశాడు. ఆ బజారే ఇవాళ్టి తాజ్‌గంజ్. వచ్చే అద్దెతో మరమ్మతులు, ఖుర్ఆన్ చదివే హాఫిజ్‌ల జీతాలు, పేదలకు దానాలు జరగాలి. చరిత్రలో ఇది రాసుంది. కానీ 2005లో ఉత్తరప్రదేశ్ సున్నీ వక్ఫ్ బోర్డు తాజ్‌ను వక్ఫ్ ఆస్తిగా ప్రకటించినప్పుడు పురావస్తు శాఖ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2018 ఏప్రిల్‌లో కోర్టు ఒక్కటే అడిగింది, షాజహాన్ సంతకమున్న వక్ఫ్ పత్రం చూపించండి అని. బోర్డు చూపలేకపోయింది. నేల మార్పిడి ఫర్మానాను జైపూర్ రాజులు దాచుకున్నారు కాబట్టి అది ఇవాళ తాజ్‌కు సాక్ష్యంగా నిలిచింది. వక్ఫ్‌నామాను అలా దాచినవాళ్లు లేరు. ఊళ్లలో మసీదు, ఖబరస్తాన్ భూముల కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో తెలియని ముతవల్లీలు ఈ కేసు ఒకసారి చదవాలి.

2025లో సవరించిన వక్ఫ్ చట్టంలోని 3డి సెక్షన్ ఆ దారిని ఇంకా ఇరుకు చేసింది. రక్షిత కట్టడాన్ని వక్ఫ్‌గా ప్రకటించి ఉంటే ఆ ప్రకటన చెల్లదని అందులో ఉంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1947 నాటి స్థితి మార్చకూడదనే 1991 ప్రార్థనాస్థలాల చట్టం తాజ్‌కు కాపలా కాయదు. పురావస్తు చట్టం కిందున్న కట్టడాలను ఆ చట్టమే మినహాయించింది. అందుకే ఇలాంటి పిటిషన్లు ప్రతిసారీ ఆధారాల మీదే ఓడిపోవాలి, ఇంతవరకు అలాగే ఓడాయి.

నమాజ్ విషయంలోనూ హద్దులున్నాయి. శుక్రవారం తాజ్ పర్యాటకులకు మూత. జుమా కోసం ఆగ్రా స్థానికులను మాత్రమే గుర్తింపు కార్డు చూసి పంపుతారు. బయటివాళ్లకూ అనుమతివ్వాలన్న అభ్యర్థనను 2018 జులైలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. హైదరాబాద్ నుంచో, విజయవాడ నుంచో వెళ్లే కుటుంబాలు టికెట్లు బుక్ చేసుకునేటప్పుడే ఇది చూసుకోవాలి. భారతీయులకు ప్రవేశం 50 రూపాయలు, ప్రధాన సమాధి పైకి ఎక్కాలంటే ఇంకో 200.

ఈ గొడవలో అసలు కట్టడం ఆరోగ్యం పక్కకుపోతోంది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు ఆగ్రా చుట్టుపక్కల 292 పరిశ్రమలు బొగ్గు మాని గ్యాస్‌కు మారాలి, లేకపోతే తరలిపోవాలి అంది. ఫౌండ్రీల పొగ తగ్గింది. యమున మాత్రం మురికి కాలువగానే ఉంది. అందులో పుట్టిన పురుగులు గోడల మీద వాలి వదిలిన పచ్చమరకలు 2016లో దేశమంతా చూసింది. పసుపు తేలిన పాలరాయికి ముల్తానీ మట్టి పూసి కడుగుతున్నారు. 2018లో సుప్రీంకోర్టు విసిగిపోయి, కాపాడండి, లేదంటే మూసేయండి అనేదాకా వచ్చింది.

2024 సెప్టెంబరు వానలకు ప్రధాన గుమ్మటం నుంచి నీళ్లు కారాయి, తోట మునిగింది. వార్త రెండు రోజులు నడిచింది. ఇది మొదటిసారేమీ కాదు. 1652లో దక్కన్‌కు పోతూ ఆగ్రాలో ఆగిన ఔరంగజేబు తండ్రికి ఉత్తరం రాశాడు. వానాకాలంలో గుమ్మటం ఉత్తరం వైపు రెండు చోట్ల కారుతోంది, మెహతాబ్ బాగ్ పూర్తిగా మునిగిపోయింది అని. కారుతోందంటే అప్పటికే పాతబడిన భవనం కదా అని ఓక్ ఆ ఉత్తరాన్ని కూడా తన వాదానికే వాడుకున్నారు. కొత్త ఇల్లు కట్టుకుని మొదటి వానకే స్లాబ్ కింద బకెట్ పెట్టినవాళ్లకు ఆ ఉత్తరం వేరేలా అర్థమవుతుంది. ఔరంగజేబు మాత్రం వాదన పెట్టుకోలేదు, మేస్త్రీలను పిలిపించి ఎక్కడెక్కడ ఏం చేయాలో అడిగి, అది కూడా ఉత్తరంలో రాసి పంపాడు.