గాలొస్తే బస్సులో పడుకున్న సారు, వాన రాకపోతే యాడున్నట్టు?

ఇది పార్టీ పోస్టు కాదు. పసుపు జెండా వాళ్లు, ఫ్యాను వాళ్లు ఇద్దరూ తిట్టొచ్చు. కాకపోతే చివరిదాకా చదివి తిట్టండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. చంద్రబాబు గారు అక్కడే మకాం వేసి, బస్సులోనే ఉండి పని చేయించారు. 2018లో తిత్లీ వస్తే శ్రీకాకుళం జిల్లాలో కూర్చున్నారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగితే కలెక్టరేట్‌నే ఆఫీసు చేసుకున్నారు. ముందు హెచ్చరిక ఏదని వైసీపీ నిలదీసింది. 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు జగన్ గారు హెలికాప్టర్‌లో చూసి పోయారనీ, ఊళ్లలోకి రావడానికి డిసెంబర్ దాకా పట్టిందనీ టీడీపీ నిలదీసింది. నిలదీయడం మంచిదే. నీళ్లలో ఉన్నోడికి సాయం తొందరగా అందుద్ది.

మరి మన కరువు విపత్తు కాదా? తుపానుకు పేరుంది, దారి ఉంది, టీవీలో గంట గంటకూ మ్యాప్ ఉంది. కరువుకు కెమెరా రాదు. ఎండిన బోరు పక్కన ఏ ముఖ్యమంత్రీ వారం రోజులు పడుకోలేదు.

రూల్ కూడా అట్టనే ఉంది. 2016 కేంద్ర కరువు మాన్యువల్ ప్రకారం వాన లోటు లెక్కలు చూడాలి, తర్వాత పది శాతం ఊళ్లలో పొలాలు చూడాలి. పంట నష్టం 33 శాతం దాటితేనే కరువు, 50 దాటితేనే తీవ్ర కరువు. ఖరీఫ్ ప్రకటనకు అక్టోబర్ ఆఖరు దాకా గడువు. అప్పటికి ఎండిన సజ్జ, నువ్వు చేలను మనం గొడ్లకు వదిలేసి ఉంటాం. వచ్చినోళ్లకు చేలో ఏం కనపడుద్ది?

వెలిగొండ సంగతి చూడండి. 1996లో శంకుస్థాపన చేసింది చంద్రబాబు గారే. 2004 దాకా ముఖ్యమంత్రి ఆయనే. సొరంగాలు కదిలింది వైఎస్ గారి జలయజ్ఞంలో. 2024 మార్చి 6న, ఎన్నికల ముందు, జగన్ గారు రెండు సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ రోజుకు ముంపు ఊళ్ల పరిహారం మిగిలే ఉంది, ఫీడర్ కాలువ పని మిగిలే ఉంది. శిలాఫలకాలకు కొదవలేదు, నీళ్లకే కొదవ. వరదలో పది రోజులు ఆలస్యమైతే రాష్ట్రమంతా అరుస్తది. ఇక్కడ ఒక తరం ముసలిదైపోయింది, ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయాయి, అడిగినోడు లేడు.

అడగనిది మనమే. నాయకుడొస్తే దండ వేసి, ఫొటో దిగి ఇంటికొస్తన్నాం.

ఈసారి రెండే అడుగుదాం. ఒకటి, మూడు వారాలు వాన ముఖం చాటేస్తే కలెక్టర్ అప్పుడే హనుమంతునిపాడు చేలల్లోకి రావాలి, అక్టోబర్ దాకా ఆగకూడదు. రెండు, వెలిగొండ నీళ్లు ఏ నెలలో ఏ కాలువకు వస్తాయో కాగితం మీద రాసివ్వాలి.

మన వైపు నుంచి ఈ-పంట నమోదు మరవొద్దు. పైరు వాడినప్పుడే తేదీతో ఫొటో తీసి పెట్టుకోండి. సోమవారం అర్జీ ఇస్తే రశీదు తీసుకోండి.

తుపానులో నిద్రపోని నాయకుడని పేరు తెచ్చుకున్న సారుకు, కరువులో కూడా నిద్ర పట్టకుండా చేయాల్సింది మనమే.