నయాగరా ఎక్కడికీ పోదు

విదేశయాత్ర ముగించుకొని వచ్చిన పెద్దలను పలకరించేటప్పుడు మనం వేసే మొదటి ప్రశ్న "ఏమేం చూశారు?" అని. "ఎవరెవరిని చూశారు?" అని అడిగేవారు అరుదు. ఈ రెండు ప్రశ్నల మధ్యనున్న తేడాయే ఈ టపాకు విషయం. అమెరికాలో స్థిరపడిన తెలుగు సంతానం తల్లిదండ్రులను ఆరు నెలల కోసం పిలిపించుకొని వారికి ఆ దేశాన్ని చూపిస్తున్నారే గాని, ఆ దేశంలో ఉన్న వారి మనుషులను చూపించడం లేదన్నది నా అభియోగం. అభియోగమన్న మాట తెలిసే వాడుతున్నాను.

ముందు లెక్క చూద్దాం. సందర్శకుల వీసా మీద వెళ్ళినవారికి దేశంలో అడుగుపెట్టేటప్పుడు సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తారు. అంటే 26 వారాంతాలు. మొదటి రెండూ పగలూ రాత్రీ తారుమారైన నిద్రను సర్దుకోవడానికి పోతాయి. చివరి రెండూ ఊళ్ళో పంచవలసిన చాక్లెట్లు కొనడానికీ, పెట్టెలు తూకం వేసి మళ్ళీ సర్దడానికీ పోతాయి. మనవడి పుట్టినరోజు, తెలిసినవారింట సత్యనారాయణ వ్రతం, పిట్స్‌బర్గు వేంకటేశ్వరుడి దర్శనం, న్యూయార్కు, వాషింగ్టను, నయాగరా, సెలవు దొరికితే గ్రాండ్ కేనియను. మిగిలినవాటిలో కొన్ని అబ్బాయి ఆఫీసు పని కింద, కొన్ని పిల్లల ఈత తరగతుల కింద ఖర్చవుతాయి. ఈ పట్టికలో నాన్నగారి చిన్ననాటి స్నేహితుడి వాటాకు వచ్చేది ఒక ఫోను సంభాషణ. "ఇంత దగ్గరికి వచ్చి కలవకుండా ఎలా వెళతాంరా?" అని ఇద్దరూ అనుకుంటారు. కలవకుండానే వెళతారు.

విచిత్రమేమంటే, ఆ వీసా ఇచ్చే ప్రభుత్వమే దాని ప్రయోజనాలలో విహారంతో పాటు బంధుమిత్రులను చూడటాన్ని కూడా చేర్చింది. అగ్రరాజ్యపు వీసా శాఖకు తట్టిన "మిత్రులు" అన్న మాట కన్నకొడుకుకు తట్టదు!

ఈ కలయిక నిజానికి చరిత్ర తెచ్చిపెట్టిన అవకాశం. ఇప్పుడు డెబ్భైలలో ఉన్న తరాన్ని ఉద్యోగాలు చెల్లాచెదురు చేశాయి. ఒకే బెంచీ మీద చదువుకున్న ఇద్దరిలో ఒకరు బ్యాంకు బదిలీలలో విశాఖపట్నం చేరితే, మరొకరు పంచాయతీరాజ్ పాఠశాలలో పాఠాలు చెప్పుకుంటూ నిజామాబాదులో ఉండిపోయారు. 1990ల చివర వై2కె పుణ్యమా అని ఇద్దరి పిల్లలూ సముద్రం దాటారు. 2008లో హైదరాబాదులో అమెరికా కాన్సులేటు వచ్చాక, వీసా కోసం తల్లిదండ్రులు చెన్నై దాకా పరుగెత్తే అవస్థా తప్పింది. చివరికి ముప్ఫై ఏళ్ళుగా ఒకరినొకరు చూసుకోని ఆ ఇద్దరూ ఒకే వేసవిలో న్యూజెర్సీలో తేలారు. ఒకరు ఎడిసన్‌లో, మరొకరు ప్రిన్స్‌టన్ పక్కన. ఎడిసన్ స్టేషనులో రైలెక్కితే అరగంటలోపు ప్రిన్స్‌టన్ జంక్షనులో దిగవచ్చు. 62 ఏళ్ళు నిండినవారికి టికెట్టులో తగ్గింపు కూడా ఉంది. అదే ఎడిసన్ నుంచి నయాగరాకు దాదాపు 400 మైళ్ళు. ఆ 400 మైళ్ళూ కారు నడపడానికి ఓపిక ఉన్నవారికి, ఆ అరగంట రైలు సంగతి గుర్తుకు రాదు.

వారికి ఆ స్నేహితుడు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి మన భాషే చాలు. అమెరికా గడ్డ మీద కాలు పెట్టిన క్షణం నుంచి ఆయన అందరికీ "అంకుల్". కోడలికి మామయ్యగారు, మనవలకు తాతయ్య, గుడిలో కనిపించినవారికి "ఫలానావారి ఫాదరు". అన్నీ గౌరవమైన పిలుపులే. అన్నీ వయసుకు చెందినవి, లేదా కొడుకు పరపతికి చెందినవి. ఆ ఖండంలో ఆయనను "ఒరేయ్" అని పిలవగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ పిలుపు వినబడిన ఇంట్లో ఆయన తాతయ్య కాడు. లెక్కల పరీక్షలో తప్పినవాడు, ఏట్లో ఈదినవాడు, నాటకంలో మీసం ఊడిపోయినవాడు. ఆ మనిషికి సాక్షి ఆ స్నేహితుడే. సాక్షి పోతే ఆ మనిషీ పోయినట్టే.

అమ్మ సంగతి ఇంతకంటె అన్యాయం. ఆవిడ ప్రయాణపు తేదీని కూతురి పురుడో కోడలి పురుడో నిర్ణయిస్తుంది. వియ్యాలవారితో వంతులు వేసుకొని, ఆరు నెలలు వీరు, ఆరు నెలలు వారు. వంటగదిలో నిలబడి వెళ్ళిన మనిషి వంటగదిలో నిలబడే తిరిగి వస్తుంది. ఆవిడ చిన్ననాటి స్నేహితురాళ్ళు పెళ్ళిళ్ళతో ఇంటిపేర్లు మారి ఏనాడో ఆచూకీ లేకుండా పోయారు. ఇటీవలే ఎవరో పుణ్యాత్మురాలు పాత క్లాసువాళ్ళందరినీ వెదికి వాట్సాప్ గుంపు కడితే, తనతో పదో తరగతి చదివినావిడ పక్క ఊళ్ళోనే మనవరాలిని ఆడిస్తోందని తెలిసింది. తెలిసి ఏం లాభం? "పసివాడిని వదిలి ఎలా వెళ్ళను?" అని ఆవిడే అంటుంది. "ఒక్కరోజు నేను చూసుకుంటానమ్మా, వెళ్ళిరా" అని కూతురు అనదు.

"రోజూ వీడియోలో మాట్లాడుకుంటూనే ఉన్నారు కదా" అన్నది ఒక సమాధానం. వీడియోలో ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి. పాత స్నేహితుల అసలు సుఖం మాట్లాడకుండా కూర్చోవడంలో ఉంది. పేపరు చెరిసగం పంచుకొని, రెండో కాఫీ దాకా నోరు విప్పకుండా, ఆపైన ఉన్నట్టుండి నలభై ఏళ్ళ నాటి సంగతి ఒకటి ఎత్తుకోవడానికి ఒకే అరుగు కావాలి.

"మా ఉద్యోగాల ఒత్తిడి మీకేం తెలుసు?" అన్నది రెండో సమాధానం. ఇందులో నిజముంది. వీసా మీద ఆధారపడిన ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు. డాలస్ శివార్లలోని ఫ్రిస్కో వంటి ఊళ్ళలో కారు లేనిదే పెద్దవారు గడప దాటలేరన్నదీ నిజమే. అయితే నేను అడుగుతున్నది కొత్త వారాంతం కాదు, ఉన్నవాటిలో వరుస మార్చమని. టాక్సీ మాట్లాడి పంపినా చాలు. వినోదయాత్రకు పెట్టే ఖర్చులో అదొక మూల.

పెద్దల తప్పూ లేకపోలేదు. మనసులోని మాట బయటపెట్టరు. "ఎందుకులే, పిల్లలకు శ్రమ" అంటారు. ఆ మొహమాటం వెనుక మరొకటి కూడా దాగి ఉంటుంది: వాడి కొడుకు ఇల్లు పెద్దదేమో, మనవాడికి ఇంకా గ్రీన్‌కార్డు రాలేదే అన్న బెరుకు. పిల్లల హోదాను తమ స్నేహానికి కొలబద్ద చేసుకోవడం డెబ్భై ఏళ్ళవారికి తగదు.

తెలుగువాడి యాత్రాచరిత్ర అనగానే మనకు గుర్తుకు వచ్చే ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి, కాశీ చూసి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిపొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి వ్రాసి పంపిన సంగతులే "కాశీయాత్ర చరిత్ర" అయ్యాయి. వీరాస్వామయ్యగారు పోయాక 1838లో దానిని అచ్చువేయించినదీ ఆ స్నేహితుడే. చూసినదానిని చెప్పుకోవడానికి ఒక మిత్రుడు ఉండబట్టే మనకా పుస్తకం దక్కింది. నయాగరాకు వెళ్ళవద్దని నేననడం లేదు. నాన్నగారి స్నేహితుణ్ణి కూడా ఆ కారెక్కించమంటున్నాను. వెనక సీట్లో ఆ ఇద్దరూ జలపాతం సంగతి మరచి తమ ఊరి చెరువు గురించి వాదించుకుంటే, ఆ యాత్ర ఫలించినట్టే.

ఇది ఎప్పుడైనా తీర్చుకోగల ముచ్చట కాదు. నయాగరా సుమారు 12,000 ఏళ్ళుగా దూకుతూనే ఉంది, వచ్చే ఏడూ దూకుతుంది. మోకాళ్ళు వచ్చే ఏడు విమానం ఎక్కనిస్తాయో లేదో తెలియదు. సందర్శకుల బీమాలు చాలావరకు పాత జబ్బుల ఖర్చు భరించవు గనక, ఒకసారి గుండెకో మూత్రపిండాలకో చికిత్స జరిగాక ఇంట్లోవారే ప్రయాణం వద్దంటారు. నేనెరిగిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఆరు నెలలు టెక్సాసులో ఉండి, పాతిక మైళ్ళ దూరంలో ఉన్న సహాధ్యాయిని చూడకుండా తిరిగివచ్చారు. "వచ్చే వారం చూద్దాం నాన్నా" అన్న మాట ఆరు నెలలూ సాగింది. ఆ చలికాలంలోనే సహాధ్యాయి కన్నుమూశారు. మాస్టారింటి గోడ మీద గ్రాండ్ కేనియను ఫోటో చక్కగా ఉంది. ఆయన దాని గురించి ఎవరికీ ఏమీ చెప్పరు.

కనుక, అక్కడున్న బ్లాగ్మిత్రులకు నా మనవి. కేలెండరులో మొదట మనుషులను వ్రాయండి, తరువాత స్థలాలను. ఒక పూట భోజనంతో సరిపెట్టకుండా రెండు రాత్రులు ఉండనివ్వండి. దింపి, మీరు వెనక్కి వచ్చేయండి. మీరు పక్కన ఉంటే వాళ్ళు మళ్ళీ అంకుళ్ళయిపోతారు. రైలున్న ఊళ్ళో రైలెక్కడం నేర్పండి. టికెట్టు తేదీ చెప్పే ఫోనులోనే "ఇక్కడ మీవాళ్ళెవరెవరు ఉన్నారు?" అని అడగండి. "ఎవరున్నార్లే" అంటారు. రెండోసారి అడగండి.