పిల్లుల్ని గోనెసంచిలో కట్టి పంపితే ఖర్చు తగ్గదు

ఇది కొంచెం పొడుగు, ఓపికగా చదవండి. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు రాయడం రిటైరైనాకే పట్టుబడింది. అక్షరం తప్పుంటే దిద్దండి, విషయాన్ని మాత్రం వదలొద్దు.

వచ్చే ఆదివారం కమిటీ మీటింగు అజెండాలో ఆరో లైను చూశారా? "మండపం వెనక పిల్లులను తొలగించుట" అని ఉంది. దాన్ని కొట్టేసి "పిల్లులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుట" అని రాయాలన్నది నా మాట. జాలి, పాపం, పుణ్యం తర్వాత మాట్లాడదాం. ముందు లెక్క.

సంఘం వోచర్లు చూసే పని నాకిచ్చారు కాబట్టి చెప్తున్నా. పోయిన రెండేండ్లలో పిల్లుల్ని పట్టించి దూరంగా వదిలేసిన ఖర్చు రెండుసార్లు రాసి ఉంది. ఒకసారి 3,500, ఇంకోసారి 4,200. కూలీ, ఆటో బాడుగ, గోనెసంచులు. మొత్తం 7,700. రెండుసార్లూ నాలుగైదు నెలలు తిరక్కముందే పిల్లులు మళ్ళీ అన్నే. ఇదేం మాయ కాదు. వంటశాల వెనక ఎచ్చిలాకులు పడతాయి, చెవులు కుట్టే ఫంక్షనుకు బిర్యానీ ఎముకలు పడతాయి, బియ్యం బస్తాల గదిలో ఎలుకలున్నాయి. తిండీ నీడా ఉన్న చోటు ఖాళీ అయితే పక్క వీధి పిల్లులు వచ్చి చేరతాయి. పట్టుబడకుండా మిగిలిన ఒక్క ఆడది చాలు, మళ్ళీ మొదలవుతుంది.

రెండోసారి జరిగింది చాలామందికి తెలియదు. పట్టినవాళ్ళు తల్లిని తీసుకుపోయారు, అటక మీద పిల్లలు ఉండిపోయాయి. మూడు రోజులు అరిచి ఆగిపోయాయి. నాలుగో రోజు మండపంలో నిశ్చితార్థం. ఆ వాసన ఏమిటని పెళ్ళికూతురి మేనమామ అడిగితే వాచ్‌మన్ ఎలుక అని చెప్పాడు. ఎలుక కాదు.

ఈసారి ఇంకొందరు "మందు పెడితే సరి" అని కూడా అంటున్నారు. అన్నలారా, ఆ మాట గ్రూపులో రాయకండి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఉండనే ఉంది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువుకు విషం పెట్టి చంపితే ఐదేండ్ల వరకు జైలు. సంఘం పేరు మీద ఎఫ్ఐఆర్ పడితే వకీలు ఫీజు ఏ పద్దులో రాయాలో నాకు తెలియదు.

ఇప్పుడు పిల్లి సంగతి. ఆడ పిల్లి (గుడి చూసి చదవండి, ఆడపిల్ల కాదు) ఐదారు నెలలకే ఎదకొస్తుంది. కడుపుతో ఉండేది రెండు నెలలు, తొమ్మిది వారాలు అనుకోండి. ఈతకు మూడు నుంచి ఐదు పిల్లలు. ఏడాదికి రెండు మూడు ఈతలు. పాలిచ్చే రోజుల్లోనే మళ్ళీ కడుపు కావచ్చు. పుట్టినవాటిలో చాలా భాగం బండ్ల కింద, కుక్కల నోట, జబ్బుతో పోతాయి. మిగిలినవి మన అటక మీదికొస్తాయి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. మన వీధిలో ఆ ఏడిళ్ళలో నాలుగు మెంబర్లవే.

నేను పదిహేను రోజులు పొద్దునా సాయంత్రం కూర్చుని రిజిస్టరు రాశాను. వరుస నంబరు, రంగు, ఆడా మగా, గుర్తులు. పెద్దవి పది. ఆడవి ఆరు, మగవి నాలుగు. మూడు రంగులు కలిసి ఉన్నది దాదాపు ఎప్పుడూ ఆడదే, ఇది తెలిస్తే లెక్క సులువు. తోక కింద చూసే ధైర్యం అందరికీ ఉండదు కదా. చిన్నవి మూడు, వాటిని అడిగినవాళ్ళకు పెంచుకోను ఇచ్చేయొచ్చు.

చెన్నైలో ఈ ఆపరేషన్ కొత్తది కాదు. 1959లో పుట్టిన బ్లూ క్రాస్ వీధి కుక్కల్ని చంపొద్దు, ఆపరేషన్ చేసి వదలండి అని ఏండ్ల తరబడి పోరాడితే, 1996లో కార్పొరేషన్ ఆ దారికి వచ్చింది. అయితే కార్పొరేషన్ బండి వచ్చేది కుక్కలకు. పిల్లులకు మనమే తిరగాలి. (ముంబైలో ఉన్న మన సంఘం వాళ్ళు గమనించండి, అక్కడి కార్పొరేషన్ పిల్లులకు కూడా చేయిస్తోంది.)

అందుకే తిరిగాను. మా పేటలో ముగ్గురు ప్రైవేటు డాక్టర్లను అడిగాను. ఒకరు ఆడదానికి 6,500 అన్నారు, ఒకరు 5,000. వీళ్ళను తప్పు పట్టను, ఇంట్లో పెంచే పిల్లి రేటు అది. మూడో ఆయనకు రిజిస్టరు చూపించి, ఇవి ఎవరి సొంతమూ కావు, ఒకేసారి మూడేసి తెస్తాము, తర్వాత చూసుకునేది మేమే అని చెప్పాను. ఆడదానికి 2,000, మగదానికి 1,200కి ఒప్పుకున్నారు. అడిగే మాదిరిలోనే సగం రేటు ఉంది. "పిల్లికి ఎంత?" అని ఫోనులో అడిగితే వచ్చే జవాబు వేరే. 1903లో మొదలైన వెటర్నరీ కాలేజీకి వెప్పేరిలో ఉన్న ఆసుపత్రి, గిండీలో బ్లూ క్రాస్ కూడా చూడదగ్గవే. ముందే తేదీ అడిగి పెట్టుకోవాలి, క్యూలో నిలబడే ఓపిక కావాలి. రైల్వేలో పనిచేసినవాళ్ళకు క్యూ ఒక లెక్కా?

మన ఖర్చు ఇది. ఆరు ఆడవి 12,000, నాలుగు మగవి 4,800. తలుపు దానంతటదే పడే ఇనప బోను, పెద్ద ఎలుకల బోను మాదిరి, వెల్డింగు పట్టరలో 2,500. ఆటో, తిండి, మందులు 1,700. మొత్తం 21,000. మనం 210 కుటుంబాలు. ఇంటికి వంద రూపాయలు. పిల్లికి బిచ్చం పెట్టనివాడు అనే పేరు మన సంఘానికి వద్దు.

స్కాలర్‌షిప్ డబ్బు పిల్లులకు పెడతారా అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆ పద్దు ముట్టుకోవద్దు, ఇది విడిగా చందా. కానీ 7,700 ఏ పద్దులోంచి పోయిందో కూడా అడగాలి కదా.

రోజూ అన్నం పెట్టే అక్కలిద్దరికీ ఒక మాట. మీరు లేకపోతే ఈ పని జరగదు, పిల్లి మీ గొంతుకే వస్తుంది. కానీ "కడుపు కోయడం పాపం" అంటున్నారు చూడండి, అక్కడ మీతో కలవను. పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని మా అవ్వ చెప్పేది. ఏడాదికి పదిహేను పిల్లలు మన గేటు ముందు బండ్ల కింద పడుతుంటే ఎన్ని బంగారు పిల్లులు చేయించాలి? తిండి పెడుతూ ఆపరేషన్ వద్దనడం సగం పనే. ఇంకొకటి, పాలు పోయకండి, పెద్ద పిల్లులకు అరగవు. జ్వరంగా ఉందని మన పారాసిటమాల్ అసలే ఇవ్వకండి, అది పిల్లికి ప్రాణాంతకం.

పని ఎట్లా అంటే, వారం రోజులు ఒకే వేళకు, ఒకే చోట తిండి. పట్టే ముందు పూట పెట్టకూడదు, మత్తు మందుకు కడుపు ఖాళీగా ఉండాలి. బోనులో మత్తి చేప ముక్క. తలుపు పడగానే మీద దుప్పటి కప్పితే అరుపు తగ్గుతుంది. చేత్తో పట్టే సాహసం ఎవరూ చేయొద్దు, కరిస్తే మనకే సూదులు. మత్తులో ఉన్నప్పుడే రేబిస్ టీకా వేసి, ఎడమ చెవి కొన కొంచెం కత్తిరించమని అడగాలి. ఆ చెవి చూస్తే దూరం నుంచే తెలుస్తుంది, మళ్ళీ దాన్నే పట్టే పని ఉండదు. మగదాన్ని మరుసటి రోజు వదలొచ్చు, ఆడదాన్ని డాక్టరు చెప్పినన్ని రోజులు పొడి చోట ఉంచాలి. పాత్రల గది పక్కన ఖాళీ గది సరిపోతుంది, తాళం నాకిస్తే చాలు. తర్వాత పట్టిన చోటే వదలాలి. ఎలుకల పని అవి చూసుకుంటాయి.

మొదటి విడత రిజిస్టరులో 2, 5, 7 నంబర్లు. 4వ నంబరు పాలిచ్చే తల్లి, దాని పిల్లలు తిండి తినేదాకా దాన్ని పట్టకూడదు. ఆదివారం తీర్మానం అయితే, ఆ పై శనివారం రాత్రి బోను దగ్గర కూర్చోవడానికి ఇద్దరు కావాలి. ఒకణ్ణి నేను. ఇంకొకరు ఫోన్ చేయండి, ఫ్లాస్కులో కాఫీ మా ఇంటి నుంచి తెస్తా.